ఖారీ ధాన్యము వెల
(కాశ్మీర దేశ చరిత్రనుండి ఒక పాఠము)



గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో చరిత్ర చెప్పుచుండగా కాశ్మీర రాజుల పేర్లు వచ్చినవి. వెనుక బల్లమీద కూర్చున్న బాలుడొకడు లేచి, "అయ్యా, కాశ్మీరమెక్కడ, మన చిల్పూరెక్కడ? ఆ రాజుల పేర్లు నేర్చుకొనుటవలన మాకేమి ప్రయోజనము?" అని యడిగెను. తరగతిలోని వారందఱు నవ్విరి. నేను నవ్వలేదు, ఏలయన అది మంచి ప్రశ్న. ఇంతలో గంట కొట్టుటచే సరియైన ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. ఆ బాకీని ఈ వ్యాసముతో తీర్చుకొనుచున్నాను.

రాజుల పేర్లు ఎన్ని వల్లించినను చరిత్ర తెలిసినట్లు కాదు. ఒక రాజ్యము మంచిదో చెడ్డదో తెలియవలెనన్న రాజు కిరీటమును గాక, పేదవాని కుండలో ఉడుకు గింజలను చూడవలెను. కాశ్మీర చరిత్రలో అట్లు చూచుటకు వీలు కలదు. అచ్చటి చరిత్రకారుడొకడు యుద్ధములతోపాటు ధాన్యము వెలను గూడ వ్రాసిపెట్టెను. ఆ వెలను పట్టుకొనియే ఈ పాఠమును నడిపెదను.

1. దేశస్వరూపము

హిమాలయ పర్వతములకును పిర్ పంజాల్ పర్వతములకును నడుమ కాశ్మీరపు లోయ కలదు. దాని పొడవు సుమారు 135 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 32 కిలోమీటర్లు. సముద్రమట్టమునకు ఇంచుమించు 1,600 మీటర్ల ఎత్తున నున్న ఈ నేల, చుట్టును కొండలు గోడలవలె నిలిచియుండుటచేత, అంచులెత్తయిన పళ్లెమును పోలియుండును. జీలం నది ఈ పళ్లెము నడుమ మెల్లగా మెలికలు తిరుగుచు, శ్రీనగరమును దాటి, వులర్ సరస్సులో ప్రవేశించి, మరల వెలువడి, బారాముల్లా వద్ద కొండల ఇఱుకునుండి బయటికి పోవును. సంస్కృత గ్రంథములలో ఈ నదికి వితస్తయనియు, ఆ సరస్సునకు మహాపద్మమనియు పేర్లు.

పళ్లెమునకు నీరు బయటికి పోవు దారి అదియొక్కటే. కొండలనుండి రాళ్లు దొర్లి ఆ దారి పూడినచో నది వెనుకకు పొంగి పొలములను ముంచును. పూర్వము ఆ లోయ యంతయు ఒక సరస్సై యుండెనని కాశ్మీరుల పురాణకథ. భూగర్భశాస్త్రజ్ఞులును సరస్సు అడుగున పేరుకొనిన మట్టిదిబ్బలను అచ్చట గుర్తించియున్నారు.

మన సంగతి ఇందుకు తలక్రిందులు. చిల్పూరు గుట్ట నెక్కి చూచినచో మీకే తెలియును. ఇది రాళ్లతో నిండిన మెట్టనేల. నాలుగు నెలలు కురిసిన వాన వాగులవెంట పాఱిపోవును. దానిని పట్టి నిలుపనియెడల వేసవికి గ్రుక్కెడు నీరు దొరకదు. మనకు నీరు నిలువదు. వారికి నీరు పోదు. ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొనినచో తక్కిన పాఠము సులభము.

2. చరిత్ర వ్రాసినవాడు

ఈ సంగతులను మనకు తెలిపినవాడు కల్హణుడను కాశ్మీర పండితుడు. ఇతని తండ్రి చంపకుడు హర్షుడను కాశ్మీర రాజునొద్ద మంత్రిగా నుండెను. (ఈ హర్షుడు కనోజి నేలిన హర్షవర్ధనుడు కాడు, ఆయనకు నాలుగు శతాబ్దములకు పిమ్మటివాడు.) కల్హణుడు 1148లో రాజతరంగిణి యను గ్రంథమును మొదలిడి 1150లో ముగించెను. అది ఎనిమిది తరంగములుగా విభజింపబడిన సంస్కృత కావ్యము. అతడు తనకు ముందున్న చరిత్రలను చదువుటయే గాక, దేవాలయముల శాసనములను, దానపత్రములను గూడ పరిశీలించెను. చరిత్ర వ్రాయువాడు న్యాయాధికారివలె ప్రేమద్వేషములను విడిచి పలుకవలెనని అతని మతము. 1900లో ఆరెల్ స్టయిన్ అను పండితుడు ఆ గ్రంథమును ఇంగ్లీషులోనికి మార్చి, ప్రతి ఊరును వెదకి వివరములతో ప్రకటించెను.

కల్హణుడు గ్రంథము ముగించిన 13 ఏండ్లకు, అనగా 1163లో, మన హనుమకొండ వేయిస్తంభముల గుడిలో కాకతి రుద్రదేవుని శాసనము చెక్కబడినది. వారి చరిత్ర పుస్తకమున నిలిచినది. మన చరిత్రలో పెక్కుభాగము రాతిమీద నిలిచినది.

3. రాజు

ఏడవ శతాబ్దమున కాశ్మీరమును కర్కోటవంశపు రాజులు ఏలుచుండిరి. 631 ప్రాంతమున చీనా యాత్రికుడు హ్యూన్ త్సాంగ్ అచ్చటికి వచ్చి రెండేండ్లు గ్రంథములు చదివెను. ఎనిమిదవ శతాబ్దమున ఆ వంశమువాడైన లలితాదిత్యుడు దూరదేశములపై దండెత్తి కీర్తి గడించెను. మార్తాండమను గొప్ప సూర్యదేవాలయమును కట్టించెను. అతని తరువాత వంశము క్షీణించెను. రాజులను నిలుపుటయు కూల్చుటయు దర్బారులోని వారికి ఆటయయ్యెను. బొక్కసము వట్టిదయ్యెను. కాలువలను చూచువారు లేరు. కఱవువేళ ఒక ఖారీ ధాన్యము 1,050 దీనారములకు అమ్ముడుపోయెనని కల్హణుడు వ్రాసెను. పంట బాగుగా పండిన ఏట సయితము 200 దీనారములకు తగ్గలేదట. ఖారీ యనగా ఇంచుమించు 80 కిలోల తూకము. ఇచ్చటి దీనారము బంగారు నాణెము కాదు. లెక్కకు వాడుకొను చిన్న ద్రవ్యమానము.

ఇట్టి స్థితిలో 855 ప్రాంతమున శూరుడను మంత్రి సహాయముచే అవంతివర్మ సింహాసన మెక్కెను. ఉత్పలవంశమునకు ఇతడు మొదటి రాజు. ఇతడు దండయాత్రల కీర్తిని కోరలేదు. ఆనందవర్ధనుడు మొదలగు పండితుల నాదరించెను. అవంతిపురమును నిర్మించి అందు రెండు దేవాలయములు కట్టించెను. వాని శిథిలములు నేటికిని ఉన్నవి. కాని ఇతని పేరును కాశ్మీరులు మఱువకుండుటకు ముఖ్యకారణము అతడు ఒక మనుష్యుని మాటను నమ్ముటయే. ఆ మనుష్యుని కథ వినుడు.

4. సుయ్యుడు

వీథులూడ్చి జీవించు సుయ్య యను స్త్రీ ఒకతె ఉండెను. ఆ కాలపువారు ఆమె కులమును అంటరానిదిగా ఎంచిరి. ఒకనాడామె చెత్తకుప్పను ఊడ్చుచుండగా మూతగల క్రొత్త మట్టికుండ కనబడెను. మూత తీసి చూడగా లోపల ఒక పసిబిడ్డ తన వ్రేళ్లు చీకుచు పడియుండెను. పారవేయబడిన శిశువనగానే నైలునది రెల్లులో దొరికిన మోషే మీకు జ్ఞప్తికి వచ్చును. అయితే ఈ బిడ్డను ఎత్తుకొని పోవుటకు రాజకుమార్తె రాలేదు. సుయ్య తన స్పర్శవలన బిడ్డకు లోకముచే కీడు కలుగునని భయపడి, వానిని తాకక, ఒక శూద్రదాది యింట నుంచి పెంచించెను. బిడ్డకు ఆమె పేరే సుయ్యుడని నిలిచెను. తల్లిదండ్రు లెవరో లోకమునకు ఎన్నడును తెలియదు.

సుయ్యుడు అక్షరములు నేర్చెను. పెరిగి పెద్దవాడై ఒక గృహస్థుని యింట చిన్నపిల్లలకు చదువు చెప్పుచుండెను. అనగా అతడు నావంటి బడిపంతులే. ప్రజలు వఱదలనుగుఱించి మొఱపెట్టుకొనునపుడెల్ల అతడు, "ఉపాయము నాకు తెలియును, ధనము లేనివాడను, ఏమి చేయుదును?" అనుచుండెడివాడు. ఎల్లప్పుడు ఇదే మాట పలుకుటచే వానికి పిచ్చిపట్టినదనిరి. రాజు చారులవలన ఈ సంగతి విని వానిని పిలిపించి యడిగెను. సుయ్యుడు జంకక అదే మాట చెప్పెను. సభవారు నవ్విరి. రాజు నవ్వలేదు; వీని మాటను పరీక్షింతమని ధనమిప్పించెను.

సుయ్యుడు దీనారముల కుండలను పడవలో నెక్కించుకొని పోయి, మునిగిపోయిన ఒక గ్రామమువద్ద ఒక కుండను నీటిలో విసరెను. మఱియు నది ఇఱుకున ప్రవేశించుచోట, రెండు దరుల కొండలనుండి రాళ్లు పడి ప్రవాహమున కడ్డుపడిన తావున, దోసిళ్లతో ధనమును నీటిలో చల్లెను. సభవారికి వాని పిచ్చి స్థిరమైనట్లు తోచెను. కాని ఆకలిగొన్న పల్లెజనులు ఆ ధనము కొఱకు నీటిలో దిగి, రాళ్లనన్నిటిని పెకలించి గట్టునకు లాగిరి. నదికి దారి యేర్పడెను.

తరువాత అతడు ఆ తావున రాతికట్ట వేయించి నదిని ఏడు దినములు నిలిపి, అడుగంతయు శుభ్రము చేయించి, కొండరాళ్లు మరల పడకుండ గోడలు కట్టించి, పిమ్మట కట్ట తీయించెను. నిలిచియున్న నీరు ఉరవడితో బయటికి పోయెను. మునిగియున్న నేల బయటపడెను. నది గట్లు తెగు తావులందు క్రొత్త కాలువలు త్రవ్వించెను. వితస్తయు సింధువను ఉపనదియు కలియు తావునే మార్పించెను. (ఇది గొప్ప సింధునది కాదు, ఆ పేరుగల చిన్నది.) ఏడు యోజనముల పొడవున గట్లు వేయించి మహాపద్మ సరస్సునకు ఎల్ల ఏర్పఱచెను. పల్లపునేలలో గ్రామముల చుట్టును గుండ్రని కట్టలు వేయించెను; అట్టి ఊళ్లకు కుండలములని పేరు.

ఇంతవఱకు చేసినది ఎవరికైనను కనబడు పని. ఇక నాకు మిక్కిలి ప్రియమైన భాగము చెప్పెదను. సుయ్యుడు ఒక్కొక్క గ్రామమునుండి మట్టి తెప్పించి, దానిని నీటితో తడిపి, అది ఎంతకాలమునకు ఆఱునో గమనించి వ్రాసికొనెను. త్వరగా ఆఱు నేలకు త్వరగాను, ఆలస్యముగా ఆఱు నేలకు ఆలస్యముగాను నీరు వచ్చునట్లు కాలువలను, వంతులను నిర్ణయించెను. బలవంతుని పొలమునకు ముందు, బలహీనుని పొలమునకు వెనుక అను మాట లేదు. మట్టి యడిగినంత నీరు. పదకొండు శతాబ్దములకు పూర్వము ఒక బడిపంతులు పరీక్షచేసి, లెక్కవ్రాసి, దానినిబట్టి న్యాయము చేసెను.

ఫలమేమి? ఖారీ ధాన్యము వెల 200 దీనారములనుండి 36 దీనారములకు దిగెను.

రాజసన్మానము పొందినపిదప సుయ్యుడు తన పుట్టుకను దాచుకొనవచ్చును. అట్లు దాచుకొనువారిని మనము ఎంతమందినో చూచుచున్నాము. అతడు దాచలేదు. తనను బ్రదికించిన తల్లి పేర ఒక సేతువు కట్టించెను. సుయ్యాకుండలమను గ్రామమును ఆమె పేరనే బ్రాహ్మణులకు దానమిచ్చెను. ఏ స్త్రీ తాకిన మైలయని లోకమనెనో, ఆమె పేరుగల సేతువుమీద ఆ లోకమే నడచిపోయెను. తన పేర అతడు సుయ్యపురమను పట్టణము నిలిపెను. అదియే నేటి సోపోర్; ఆపిలుపండ్ల వ్యాపారమునకు పేరొందిన ఊరు.

5. వెల మరల పెరుగుట

అవంతివర్మ 883లో మరణించెను. అతని కుమారుడు శంకరవర్మ 902 వఱకు ఏలెను. ఇతనికి దండయాత్రల మోజు; దండయాత్రలకు ధనము కావలెను. దేవాలయముల ఆస్తిని లాగుకొనెను. క్రొత్త పన్నులు వేసెను. గ్రామస్థులు సర్కారు బరువులను కూలి లేక మోయవలెననియు, రానివాడు ఆ బరువు వెలను దండుగగా కట్టవలెననియు నిర్బంధించెను. పండితులకు జీతములు లేకపోయెను. ఈ బరువుమోతనుగుఱించి చదువునపుడు మీ తాతముత్తాతలకు తెలిసిన 'వెట్టి' జ్ఞాపకమునకు రాకమానదు. మన జనగామ ప్రాంతముననే, కడవెండిలో, 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య దొరల తుపాకిగుండుకు బలియైన సంగతి మీరెఱుగుదురు. ఊరు మాఱినను, కాలము మాఱినను, వెట్టి వెట్టియే.

శంకరవర్మ పరదేశమున శత్రువుల బాణము తగిలి చనిపోయెను. పిదప సైనికులకును మంత్రులకును కీలుబొమ్మలైన రాజులు వచ్చిరి. 917-18లో వఱద వచ్చి శరత్కాలపు వరిపంట నాశమయ్యెను. ఘోరమైన కఱవు. శవములు క్రమ్ముటచే వితస్తలో నీరే కనబడలేదని కల్హణుడు చెప్పును. ఆ దినములలో మంత్రులును సేనాబలము గలవారును తాము దాచిన ధాన్యమును హెచ్చు వెలకు అమ్మి ధనికులైరి. ఖారీ ధాన్యము 1,000 దీనారములు!

నది అదే, నేల అదే, వరి అదే. అవంతివర్మ పోయి 35 ఏండ్లైనను కాలేదు. కనుక 36ను 1,000 చేసినది వఱద ఒక్కటే కాదు. గట్లను కాపాడవలసినవారు కాపాడకపోవుటయు, ఆకలిని బేరముగా చేసికొనుటయు ముఖ్యకారణములు.

6. ఇందులో నమ్మదగిన దెంత?

చరిత్ర చదువువాడు ఈ ప్రశ్న వేసికొనక తప్పదు. కల్హణుడు అవంతివర్మ మరణించిన 265 ఏండ్లకు ఈ గ్రంథమును మొదలిడెను. కుండలో దొరికిన బిడ్డ కథయు, నీటిలో ధనము చల్లిన కథయు నోటినుండి నోటికి పోవుచు కొంత పెరిగియుండవచ్చును. ధనము చల్లుట యనగా కఱవునాడు పేదలకు డబ్బిచ్చి పని చేయించుటయే యని నా తలంపు. కాని సోపోర్ పట్టణము నేటికిని సుయ్యుని పేరు మోయుచున్నది. వులర్ పరిసరముల కుండలమను మాట పేరునందు గల గ్రామములు కలవు. అవంతిపుర శిథిలములు కలవు. గ్రంథమును నేలతో సరిచూచుటయే చరిత్రకారుని పని.

నదియు తన స్వభావమును మార్చుకొనలేదు. 2014 సెప్టెంబరులో జీలం పొంగి శ్రీనగరమున పెక్కు వీథులను ముంచెను. సుయ్యుని పని ఒకసారి చేసి ముగింపదగినది కాదు. ప్రతి తరమువారును మరల చేయవలసినది.

7. మన చెఱువులు

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. కాశ్మీరమున నీటిని పంపుటకు సుయ్యుడు శ్రమించినట్లే, మన సీమలో నీటిని నిలుపుటకు కాకతీయుల కాలపువారు శ్రమించిరి. పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు ఆ కాలపు పనులే. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో నిలిపిన రామప్పగుడిని 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఆ గుడికి ప్రక్కనే చెఱువుండుట మీరు మఱువరాదు. మహబూబాబాదు జిల్లా బయ్యారము చెఱువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. ఆ చెఱువు శాసనమువలననే కాకతీయుల వంశక్రమము మనకు కొంత తెలిసినది. చెఱువు త్రవ్వించిన పుణ్యము చరిత్రకును దక్కినది.

పై చెఱువు మత్తడి దూకిన నీరు క్రింది చెఱువులో చేరునట్లు మన పెద్దలు గొలుసుకట్టుగా చెఱువులు కట్టిరి. తూమువద్ద నిలిచి ఏ మడికి ఎప్పుడు నీరు విడువవలెనో చూచుటకు నీరటివాని నియమించిరి. నీరటివాడు పుస్తకము చదివినవాడు కాడు; తరచుగా ఊరివారు చిన్నకులమని ఎంచినవాడే. కాని ఏ మన్ను ఎంతలో ఆఱునో అతనికి తెలియును. అతనిలో నాకు సుయ్యుడు కనబడుచున్నాడు.

2015లో మన రాష్ట్రమున మిషన్ కాకతీయ యను పేర చెఱువుల పూడిక తీయుట ఆరంభింపబడెను. దేవాదుల పథకమున గోదావరి నీరు ధర్మసాగరమునకు ఎత్తిపోయబడుచున్నది. ఇవన్నియు మంచివే. అయినను కట్టమీది తుమ్మమొలకను పీకువాడు, చెఱువు శిఖమును ఆక్రమింపక విడుచువాడు, తన వంతు నీటితో తృప్తిపడువాడు ఊరిలో లేనియెడల ఏ పథకమును నిలువదు.

నాయనలారా, అమ్మలారా! మన బడిలో అన్ని యిండ్ల పిల్లలును ఒకే బల్లమీద కూర్చుందురు. వారిలో ఎవనికి ఏ ఉపాయము తోచియున్నదో ఎవరెఱుగుదురు? చెత్తకుప్పలో దొరికిన బిడ్డకు అక్షరములు నేర్పినవాడెవడో కల్హణుడు వ్రాయలేదు. ఆ పేరులేని గురువు ఆనాడు "ఈ బిడ్డకు చదువేల?" అని యుండినచో కాశ్మీరమున ఖారీ ధాన్యము 200 దీనారములుగానే యుండెడిది. తలిదండ్రులు ఈ మాటను ఆలోచింతురు గాక. వెనుక బల్లమీది బాలుడా, నీ ప్రశ్నకు ఇదియే నా ప్రత్యుత్తరము.

అభ్యాసము

1. "మనకు నీరు నిలువదు, వారికి నీరు పోదు." ఈ వాక్యమును రెండు దేశముల నేలతీరును బట్టి వివరింపుము.

2. ఖారీ ధాన్యము వెల 1,050, 200, 36, 1,000 దీనారములుగా మాఱుటకు కారణములు వ్రాయుము.

3. సుయ్యుని కథలో ఏది కథయై యుండవచ్చును? దేనికి నిదర్శనములు నేటికిని కలవు?

4. చెలక మన్నును, రేగడి మన్నును సమానముగా తూచి రెండు మూకుళ్లలో పోసి, సమానముగా నీరు పోసి, ఒకేచోట నీడలో నుంచుము. ఏది ముందు ఆఱునో దినదినమును వ్రాసికొనుము. దానిని చూచి ఏ పొలమునకు ముందుగా నీరు విడువవలెనో చెప్పుము.

5. మీ ఊరి చెఱువును ఎవరు కట్టించిరి? కట్టమీద గాని, గుడివద్ద గాని వ్రాతగల రాయి యున్నదా? ఉన్నయెడల దానిపై సున్నము పూయక, పసుపు రాయక, బడికి వచ్చి తెలుపుము.